మూడు పిలుపులు

కోర్టులో నేను బంట్రోతుని. గుమ్మంలో నిలబడి పేర్లు పిలవడం నా పని. ఒక్కో పేరు మూడుసార్లు. మూడో పిలుపుకీ పలక్కపోతే ఆ మనిషి రానట్టే లెక్క. నేను పిలిస్తే పక్క కోర్టులో ముద్దాయి కూడా లేచి నిలబడతాడని గుమస్తాగారు ఎకసెక్కం ఆడేవారు. గొంతంటే అంత గొంతు నాది. పొగరు కూడా అంతే ఉండేది లెండి.

ఒక కొట్లాటలో ఇద్దరు కుర్రాళ్లు దొరికారు. ఒకడు కాంట్రాక్టరు కొడుకు, ఇంకొకడు ఇస్త్రీ చేసుకునే ఆవిడ కొడుకు. ఒకే కేసు, ఒకే రోజు బెయిలు. జామీను ఉండేవాళ్లు పిలవగానే వచ్చి జడ్జిగారి ఎదుట నిలబడాలి. కాంట్రాక్టరేమో క్యాంటీన్లో టీ తాగుతున్నాడు. నేనే పరుగెత్తుకెళ్లి, "అయ్యా, తమరిని పిలిచే వేళయింది" అని వెంటబెట్టుకొచ్చి, అప్పుడు పిలిచాను. తర్వాత ఇస్త్రీ ఆవిడ వంతు. పొద్దున్నుంచీ వరండాలో నిలబడి నిలబడి, అప్పుడే కుళాయి దగ్గరికి నీళ్లకి వెళ్లింది. చూశాను. నా కళ్లతో చూశాను. గుమస్తాగారు "కానీవయ్యా, ఆకలేస్తోంది" అన్నారు. నేను నోట్లోనే మూడుసార్లు గొణిగాను.

"గట్టిగా పిలిచావా?" అని జడ్జిగారు అడిగారు.

"పిలిచానండీ. రాలేదు."

కాంట్రాక్టరు కొడుకు ఆ సాయంత్రమే ఇంటికెళ్లాడు. వీడు జైల్లోనే ఉండిపోయాడు. ఆవిడ నా దగ్గరికొచ్చి, "నాకు వినపడలేదేంటి బాబూ?" అంది. "చెవుడేమో, చూపించుకో" అన్నాను. పాపిష్టి నోరు! పదిహేను రోజులకి ఆవిడ పోయింది. కొడుకు మీద బెంగతోనే పోయిందన్నారు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు.

నెల తర్వాత ఆ కుర్రాడి బెయిలు మళ్లీ వచ్చింది. జామీను వాడి మేనమామ. ఈసారి గేటు దాకా వినపడేలా పిలుస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఆ రోజు పట్టపగలే చీకటి. మబ్బు కమ్మేసి వాన మొదలైంది, కరెంటు పోయింది. హాలంతా తడిసిన ఫైళ్ల ముక్కిన వాసన. వరండా చివర కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. ఆ ముక్కిన వాసనలోకి ఇంకేదో వచ్చి కలిసింది... ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ మాడుతున్న వాసన.

మేనమామ గేటు అవతల రేకుల షెడ్డు కింద ఉన్నాడు. పిలవడానికి నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు.

మళ్లీ తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

"కానీవయ్యా" అన్నారు గుమస్తాగారు.

నా చెవి పక్కనే ఎవరో... చాలా మెల్లగా...

"నేను పిలుచుకుంటాలే బాబూ."

తిరిగి చూశాను. ఎవరూ లేరు.

అప్పుడు వినపడింది. కుళాయి వైపు నుంచి. మేనమామ పేరు. నా గొంతుతో! ఒకసారి... రెండుసార్లు... మూడోసారికి కిటికీ అద్దాలు గలగలలాడాయి. మేనమామ వానలో పడుతూ లేస్తూ వచ్చి నిలబడ్డాడు. కుర్రాడికి బెయిలొచ్చింది.

హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇప్పుడైనా జరిగింది చెప్పేసి తేలికపడదామని జడ్జిగారి ముందుకెళ్లి చేతులు జోడించాను. "ఆ రోజు నేను పిలవలేదండీ..." పెదవులు కదిలాయి, అంతే. ఆయన తలెత్తి గోడ గడియారం చూసుకుని మళ్లీ కాగితాల్లో పడ్డారు. గుమస్తాగారి భుజం పట్టుకుని కుదిపాను. ఆయన చలేసినట్టు చొక్కా పైబొత్తాం పెట్టుకున్నారు. గుమ్మంలోంచి నా గొంతు తర్వాతి కేసులు పిలుస్తూనే ఉంది. గొప్పవాళ్లనీ, దిక్కులేనివాళ్లనీ ఒకే ఎత్తున పిలుస్తోంది. అందరూ పలుకుతున్నారు.

ఇంటికి పరుగెత్తాను. తలుపు వేసి ఉంది. లోపల కంచం చప్పుడు, మా ఆవిడ ఎవరికో వడ్డిస్తోంది. దబదబా బాదాను.

"ఏమండీ, ఎవరో తలుపు కొడుతున్నట్టుంది, చూడండి" అంది మా ఆవిడ.

అడుగులు దగ్గరికొచ్చాయి. తడికాళ్ల అడుగులు... తలుపుకి అటువైపు ఆగాయి. అక్కడే ఉన్నాయి, చాలాసేపు.

"చూశాలే" అంది లోపల్నుంచి నా గొంతు. "ఎవరూ లేరు."