పగటిపూట కనబడని మంట

"గడువు రేపు పొద్దున పదకొండు గంటలు," అంది చీఫ్ జయశీల ఫోన్లో. "విశాఖ పెట్రోకెమికల్ ప్లాంట్. ఉపఉత్పత్తిగా వచ్చే హైడ్రోజన్‌ని ఇన్నాళ్లూ చిమ్నీలో కాల్చేశారు. కాలిస్తే పొయ్యిలో పుల్ల విలువే. పట్టి శుద్ధి చేస్తే మూడింతలు. రేపు రికవరీ యూనిట్ ట్రయల్ నెగ్గితే మన రిఫైనరీకి హైడ్రోజన్ అక్కడిదే. ఓడితే విదేశీ ముఠాతో పదిహేనేళ్ల కాంట్రాక్టు, వాళ్లు చెప్పిందే రేటు. లోపల మన మనిషి దీనా, కన్సల్టెంట్."

"నా వేషం?"

"స్వీపర్."

ఏజెంట్ జోజి మొహం మాడ్చుకున్నాడు.

మర్నాడు పది నలభైకల్లా అతను కంప్రెసర్ షెడ్డులో బందీ. దీనా రెండు వైపులా జీతం తింటోందని తెలిసేసరికే ఆమె పిస్టల్ అతని నుదుటికి ఆనింది. థర్మల్ కళ్లజోడు, రేడియో వాచీ, బూటులో కత్తి, అన్నీ ఊడ్చేసింది. చీపురు చూసి నవ్వి వదిలేసింది.

"ముందు తలుపుకి తాళం. వెనకది తీసే ఉంది. వెళ్లిపో, డియర్!"

బయట తాళం పడింది. అతనితోపాటు చిక్కుకున్నవాడు షిఫ్ట్ ఆపరేటర్ కరీం బాషా, కూర్మన్నపాలెం మనిషి. గోడమీద గ్యాస్ ఒత్తిడి చూపే గేజ్ ముల్లు పడిపోతోంది. వెనక గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. జోజి అటు దూకబోయాడు. కరీం కాలర్ పట్టి లాగాడు.

"ఆగు బావా! ఏటి సేత్తన్నావ్? ఆ బుస్సు ఇనబడ్లేదా? పైపు బోల్టులొదులు సేసి ముట్టించీసింది. హైడ్రోజన్ మంట పగలు కనబడదు."

"ఇంకో దారి?"

"నేదు."

ముందు తాళం, వెనక కనబడని చావు. ఎన్నో దేశాల్లో తప్పించుకున్నవాడికి ఇక్కడ నిజంగానే భయం వేసింది.

"ఆ సీపురిలాగియ్," అన్నాడు కరీం. "మా పాత ఫోర్‌మేన్ నేర్పిన ఇద్దె."

చీపురు గుమ్మంలోకి చాచి, నేల దగ్గర్నుంచి మెల్లిగా పైకి లేపాడు. మోకాలి ఎత్తున ఏమీ కాలేదు. నడుము ఎత్తున భగ్గుమంది.

"కింద దారుంది. పాకు బావా!"

ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకుంటూ పాకారు. బయటపడగానే కరీం ఆ లైను వాల్వ్ కట్టేసి, స్టాండ్‌బై లైను తిప్పాడు. పదకొండుకి అర నిమిషం ఉందనగా గేజ్ ముల్లు పచ్చగీత దాటింది. ట్రయల్ నెగ్గింది.

ట్రయల్ ఓడినట్టేనన్న ధీమాతో కంట్రోల్ రూములో రిఫైనరీ అధికారికి విదేశీ కాంట్రాక్టు మీద సంతకానికి పెన్ను అందిస్తున్న దీనా, గుమ్మంలో స్వీపర్‌ని చూసి పెన్ను జారవిడిచింది. ఆ చేతికే బేడీలు పడ్డాయి.

సాయంత్రం జయశీల ఫోన్ చేసింది. "పోయిన సామాను పంపిస్తాను. ముందు ఏది? కళ్లజోడా, వాచీయా?"

"చీపురు, మేడమ్," అన్నాడు జోజి. "కాస్త పొడుగాటిది."