కాదనని దేవుడు

పొద్దున్నే పెద్దాయన ప్రార్థన గదిలోంచి బయటికొచ్చాడు. భార్యా, కూతురూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. ఆ ఇంట్లో ఏ సంగతైనా ఆ గదిలోకి వెళ్లి జవాబుతో తిరిగి రావాల్సిందే. కూతురి చదువు, గోడల రంగు, ఆఖరికి కుక్కని పెంచాలా వద్దా అన్నది కూడా! ఆయన లారీల షెడ్డుకి యజమాని, చర్చి సంఘానికి పెద్ద. బయట ఆయన మాటకి తిరుగులేదు, ఇంట్లో అసలే లేదు.

"జవాబొచ్చింది," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "ఆపరేషన్ వద్దు. విశ్వాసం చాలు."

భార్య టీ గ్లాసు కింద పెట్టేసింది. రొమ్ములో గడ్డ ఉందని, వెంటనే తీసెయ్యాలని డాక్టరు చెప్పి నెలలు దాటాయి. ఎప్పుడడిగినా ఇదే జవాబు.

"నాన్నా, అది పెరుగుతోంది," అంది కూతురు. ఆసుపత్రిలో నర్సు తను. "వార్డులో ఇలాంటివి రోజూ చూస్తున్నాను. ఇంకా ఆలస్యం చేస్తే అమ్మ మనకి దక్కదు."

"ఈ ఇంటికి పెద్దగా నన్ను పెట్టింది దేవుడు. నాకు ఎదురు చెప్తే ఎవరికి ఎదురు చెప్పినట్టో తెలుసా?"

"మరి మీ పైన ఎవరూ లేరా?"

"నోర్ముయ్!"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదించగలరు? కూతురు ఏడుస్తూ బ్యాగు అందుకుంది. అప్పుడు నోరు విప్పింది భార్య, నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలంతా మెచ్చుకునే భార్య.

"ఏమండీ, ఒక్క మాట అడగనా? ఆ గదిలో దేవుడు మిమ్మల్ని ఒక్కసారైనా కాదన్నాడా?"

"అంటే?"

"మీరు అనుకుని లోపలికెళ్లింది, ఆయన వద్దంటే మానుకున్నది ఒక్కటైనా ఉందా? కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. అత్తయ్యగారు ఆపరేషన్ బల్ల మీదే పోయారు కదా, అప్పట్నుంచి మీకు కత్తంటే భయం. భయమైతే భయమని చెప్పండి, ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. దాన్ని దేవుడి మీదికి నెట్టకండి."

పెద్దాయన లేచి మళ్లీ గదిలోకి వెళ్లాడు. షెడ్డు నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎత్తలేదు. బయటికొచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈసారి ఏమన్నాడు?" అంది కూతురు వెటకారంగానే.

"ఏమీ అనలేదమ్మా. ఇన్నాళ్లూ అక్కడ మాట్లాడింది నేనొక్కణ్ణే. పద, ఆసుపత్రికి."

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు పిలిపించాడు. జబ్బు కాలేయం దాకా పాకిందట.

"అప్పుడే తీసేసి ఉంటే వేరేగా ఉండేది. ఇప్పుడు మందులు ఎక్కించొచ్చు, కానీ బాధ ఎక్కువ. లేదా నొప్పి తెలియకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. మీరే చెప్పాలి," అన్నాడు పెద్దాయన వంక చూస్తూ.

ఠక్కున తీర్పు చెప్పే ఆ మనిషి భార్య వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. నీకెలా కావాలి?" ఆమె పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. "కాచుకోమని దేవుడు నిన్ను నా చేతిలో పెడితే, నేను పెత్తనం చేశాను. క్షమించవే."

ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ మాట ఎప్పుడైనా అడుగుతారేమోనని ఇన్నేళ్లూ చూశానండీ. ఇప్పుడడిగారు. ఏం చెప్పాలో నాకు తెలియటం లేదు," అని బావురుమంది.