చుక్క కారని రివెట్లు

పెద్ద వరద ఏటి మీది వంతెనను ఎత్తుకుపోయిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఆ ఊళ్లో పుట్టుకలూ పెళ్లిళ్లూ అన్నీ ఆ వరదతోనే లెక్క. వంతెన పోయాక అవతలి ఒడ్డు కంటికి దగ్గర, కాలికి దూరం అయింది. బస్సులో చుట్టూ తిరిగి వెళ్లాలంటే రెండు గంటలు.

ఏటి వీధి చివర పంపుసెట్లు బాగుచేసే మెకానిక్ షెడ్డు ఉండేది. అతనికి ఇరవై ఏడేళ్లు. పది మాటలు అడిగితే ఒక మాట చెప్పేవాడు. వీధిలో అందరూ అతన్ని ముక్తసరి అనేవారు. ఆ పేరుతో పిలిచినా తలెత్తి చూసేవాడు, అంతే.

ఒక సాయంత్రం షెడ్డు ముందు ఒక చక్రాల కుర్చీ ఆగింది. తోసుకొచ్చింది ఒక నర్సు. డ్యూటీ బట్టల్లోనే ఉంది. కుర్చీలో దుప్పటి కప్పుకుని ఎవరో కూర్చున్నట్టున్నారు.

"పేషెంటుని తెచ్చాను," అంది.

"ఆసుపత్రి ఏటి అవతల."

"తెలుసు. అక్కడే పనిచేస్తున్నా. ఈ పేషెంటుకి మాత్రం డాక్టరు మీరేనట."

దుప్పటి తీసింది. లోపల పడవ వెనక బిగించే మోటారు. మూత సందుల నిండా ఎండిన వరద బురద. పంకా రెక్క ఒకటి వంకర పోయింది. అతను తాడు పట్టుకుని లాగాడు. తాడు బిగుసుకుంది, మోటారు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"పోయింది," అన్నాడు.

"నాడి చూడకుండానే?"

"చూశా."

"ఒక్కసారి లాగి పోయిందనేస్తే ఎలా? మా వార్డులో అలా అంటే నా ఉద్యోగం పోతుంది."

అతను ఆమె వంక చూశాడు. పొద్దున్నుంచీ డ్యూటీ చేసి, రెండు గంటలు బస్సులో నిలబడి వచ్చిన ముఖం అది. అయినా కళ్లలో అలసట లేదు, ఎదురుచూపు ఉంది. అతను మోటారును మళ్లీ చూశాడు. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో నాలుగు చెంచాల డీజిలు పోసి, గుడ్డ కుక్కాడు.

"నానాలి," అన్నాడు.

"ఎన్నాళ్లు?"

"దాని ఇష్టం."

రోజూ బస్సు దిగి ఇంటికి పోతూ ఆమె షెడ్డు దగ్గర ఆగేది. "పేషెంటు ఎలా ఉంది?" అని అడిగేది. "నిద్రపోతోంది," అనేవాడు. మర్నాడు "ఇంకా లేవలేదు," అనేవాడు. వారం తిరిగేసరికి, ఆమె బస్సు వచ్చే వేళకి చేతిలో పని పక్కన పెట్టి ముఖం కడుక్కోవడం అతనికి అలవాటైంది. ఎందుకు కడుక్కుంటున్నాడో అతనికే తెలియదు.

తొమ్మిదో రోజు తాడు ఒక అంగుళం కదిలింది. "కదిలింది కదూ," అని ఆమె తాడు మీదున్న అతని చేతి మీద చెయ్యి వేసింది. వేసిన సంగతి ఆమెకు తెలియలేదు. పిస్టన్ కదిలింది ఇంజనులో అయినా, అతనికి మాత్రం ఛాతీలో ఏదో పట్టు వదిలినట్టయింది.

*

పడవ నర్సు వాళ్ల పెరట్లో బోర్లా పడి ఉంది. పన్నెండు అడుగుల అల్యూమినియం పడవ. ఆమె తాతది. వరదలో ఆయన దానిమీదే జనాన్ని చేరవేశాడట. ఆ చలికాలమే ఆయన పోయాడు. అప్పట్నుంచీ పడవ కింద కోళ్లు కాపురం పెట్టాయి.

"జాగ్రత్త అబ్బాయ్, మధ్యలోది పొదుగుతోంది," అంది నర్సు నాయనమ్మ అరుగు మీద నుంచి. ఆమె నోరు మంచిదే, ఊరుకోదు అంతే. "ఇంతకీ నీకు మాటలొచ్చా? వీధిలో నీ గురించి ఏమేమో అంటారు."

"వచ్చు."

"ఎన్ని?"

నర్సు నవ్వింది. అతనికి చెవులు వేడెక్కాయి.

పడవను వెల్లకిలా తిప్పి రెండు బెంచీల మీద పెట్టారు. వెనక మోటారు బిగించే చెక్క మెత్తబడిపోతే కొత్తది కోసి పెట్టాడు. రివెట్ల పని మాత్రం ఒక్కడి వల్ల కాదు. పాత పడవలో రివెట్లు వదులైతే నీళ్లు ఎక్కడ దిగుతాయో పైకి కనపడదు. అందుకని పడవలోనే జానెడు లోతు నీళ్లు పోయాలి. కింద కూర్చుని, ఏ రివెట్టు దగ్గర చుక్క జారుతుందో చూసి దాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టాలి. నీళ్లు తీసేశాక ఆ రివెట్టు తొలిచి, కొత్తది దూర్చి, కింద నుంచి ఒకరు కొడుతుంటే పైన ఒకరు ఇనుప దిమ్మతో అదిమి పట్టుకోవాలి.

"దిమ్మ నేను పట్టుకుంటా," అంది నర్సు.

మొదటి రోజు నీళ్లు పోశాక ఆమె పడవ అంచు మీద చేతులు ఆనించి చాలాసేపు చూసింది. సాయంత్రపు ఆకాశమంతా ఆ జానెడు నీళ్లలో పడి ఉంది. ఒక మబ్బు ఈ చివర నుంచి ఆ చివరికి తీరిగ్గా వెళ్లింది.

"పడవ ఎక్కడికీ వెళ్లకపోయినా, దాన్లో మబ్బులు ప్రయాణం చేస్తున్నాయి చూడండి," అంది.

అతను మబ్బును చూడలేదు. నీళ్లలో మబ్బు పక్కనే ఆమె ముఖం ఉంది.

రివెట్ల పనిలో అతనికి ఒక సంగతి తెలిసింది. కింద అతను, పైన ఆమె. మధ్యన రేకు అడ్డం. ముఖాలు కనపడవు. అలా అడ్డం ఉంటే అతనికి మాటలు వచ్చేవి. చిన్నప్పుడు తండ్రి పంపుసెట్టు విప్పితే పక్కన కూర్చుని నట్లు కడిగిన సంగతి, వరదలో షెడ్డు మునిగితే పైకప్పు మీద రెండు రోజులు కూర్చున్న సంగతి, అన్నీ రేకుకి చెప్పినట్టు చెప్పేవాడు. పైనుంచి జవాబు వచ్చేది.

"పైకప్పు మీద ఏం చేశారు రెండు రోజులు?"

"ఏముంది. చూస్తూ కూర్చున్నా."

"అప్పుడు మా తాత పడవ కనపడలేదా?"

"కనపడింది. పిలవలేదు."

"ఎందుకు?"

"నాకంటే అవసరమైనవాళ్లు ఉంటారని."

పైన దిమ్మ సర్దుకున్న చప్పుడైంది. "కొట్టండి, పట్టుకున్నా," అంది తర్వాత, కాస్త మెల్లగా.

వాన వస్తే పట్టా కప్పి, దాని కిందే ముగ్గురూ కూర్చునేవారు. పట్టా మీద చినుకులు, పెరట్లో తడి మట్టి వాసన. నాయనమ్మ మాత్రం ఎవరు ఎవర్ని ఎంతసేపు చూస్తున్నారో లెక్క పెడుతూ ఏమీ ఎరగనట్టు కునికేది.

కారుతున్న రివెట్లు పంతొమ్మిది. అవి నాలుగు సాయంత్రాల్లో అయిపోయాయి. అయిదో రోజు మధ్యాహ్నం అతను ఒక్కడే వచ్చి నీళ్లు పోసి చూశాడు. ఒక్క చుక్క జారలేదు. అతను సుద్దముక్క పట్టుకుని కింద చాలాసేపు కూర్చున్నాడు. పడవ అయిపోతే ఈ పెరటికి రావడానికి తనకు దారి ఉండదు. ఆ చెయ్యి ఎలా కదిలిందో గానీ, బాగున్న రివెట్ల చుట్టూ అయిదు సున్నాలు చుట్టాడు. ఆమె వచ్చేలోపు నీళ్లు తోడేశాడు.

"ఇంకా ఉన్నాయా?" అంది ఆమె వచ్చి.

"ఉన్నాయి."

అలా ఎనిమిది రోజులు.

*

తొమ్మిదో రోజు శుక్రవారం. ఆమెకు డ్యూటీ త్వరగా అయిపోయింది. ఆమె పెరట్లోకి వచ్చేసరికి అతను కొత్త రివెట్ల కోసం షెడ్డుకి వెళ్లాడు. పడవలో నీళ్లు ఇంకా ఉన్నాయి. కింద ఆరు సున్నాలు.

నర్సులకు చుక్కలు లెక్కపెట్టడం చేతి అలవాటు. సెలైను ఎక్కించేటప్పుడు నిమిషానికి ఎన్ని అని చూస్తారు. ఆమె ఊరికే, అలవాటు కొద్దీ, గడియారం చూసుకుంటూ మొదటి సున్నా ముందు కూర్చుంది. నిమిషం అయింది. చుక్క లేదు. రెండో దాని ముందు కూర్చుంది. మూడో దాని ముందు.

అతను తిరిగొచ్చేసరికి ఆమె నిలబడి ఉంది.

"ఆరింటిలో ఒక్కటీ కారడం లేదు," అంది.

అతను పడవ కింది సున్నాల వంక చూశాడు.

"నిన్నటివి? మొన్నటివి?"

అతను చేతిలో రివెట్లను అటూ ఇటూ తిప్పాడు.

"మీకు తెలీదు కదా," అంది. గొంతు పెంచలేదు. "రోజూ ఆలస్యంగా వస్తున్నానని పెద్ద డాక్టరు నోటీసు ఇచ్చారు. సోమవారానికల్లా వేళకి రావడానికి ఏదైనా దారి చూసుకోవాలి. లేదా అక్కడి క్వార్టర్స్‌లో గది తాళం తీసుకోవాలి. తీసుకుంటే నాయనమ్మా నేనూ అటు వెళ్లిపోతాం. ఈ ఇంటికి తాళమే. మీరు ఎనిమిది రోజులు తినేశారు."

ఆమె దూరం కాకూడదని చేసిన పని ఆమెను సాగనంపడానికే పనికొచ్చింది.

"రేపటికల్లా అవుతుంది," అన్నాడు.

"ఎందుకు చేశారు?"

రివెట్లను బెంచీ మీద ఒక్కొక్కటిగా పెట్టాడు. ఆమె రెండు నిమిషాలు చూసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

అరుగు మీద నాయనమ్మ కళ్లు తెరిచింది. "అబ్బాయ్, అడగాల్సింది నోటితో అడగాలి. సుద్దముక్కతో కాదు."

"మీకు తెలుసా?"

"నాకు కళ్లు కనపడవనుకున్నావా. నేనూ ఊరుకున్నాను చూడు, నన్ననాలి."

శనివారం తెల్లారగానే వచ్చాడు. మోటారును నీళ్ల డ్రమ్ము అంచుకి బిగించి తాడు లాగాడు. ఏడోసారికి దగ్గింది, పదకొండోసారికి అందుకుంది. దాని పక్క కన్నంలోంచి సన్నటి నీటి ధార బయటికొచ్చింది. అంటే లోపల చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నట్టు లెక్క. ఆ చప్పుడుకి కోళ్లన్నీ గోడెక్కాయి. నర్సు గుమ్మం దాకా వచ్చి చూసి, వెనక్కి వెళ్లింది.

ఇక మిగిలింది ఒక్కటే రివెట్టు. గురువారం అతను బాగున్నదాన్ని తొలిచాక, కొత్తవి అయిపోయి, మైనం కుక్కి వదిలేసిన కన్నం. దానికి ఇద్దరు కావాలి.

ఆమె పిలవకుండానే వచ్చింది. మాట లేకుండా పడవలోకి ఎక్కి దిమ్మ పట్టుకుంది. అతను కిందకి దూరాడు. సుత్తి ఎత్తి, దించాడు.

"పడవ అయిపోతే రావడానికి కారణం ఉండదని," అన్నాడు రేకుతో.

పైన దిమ్మ రేకుని గీసింది.

"మిమ్మల్ని చూడ్డానికి వేరే ఏం చెప్పి రావాలో తెలీలేదు. తప్పే. పడవకి కూడా చేశా. బాగున్నవాటిని తొలిచా."

ఎక్కడో ఒక కోడి తప్ప ఎవరూ పలకలేదు.

"కొట్టండి," అంది చివరికి. "దిమ్మ బరువుగా ఉంది. చెయ్యి లాగుతోంది."

కొట్టాడు. ఆమె దిగి, చెయ్యి విదిలించుకుంటూ లోపలికి వెళ్లింది. అవునని అనలేదు, కాదని అనలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం వీధివాళ్లు నలుగురు పట్టి పడవను రేవులో దించారు. అడుగున ఒక్క చుక్క దిగలేదు. ఆమెకు పడవ నడపడం తాత నేర్పిందే. అవతల పెద్ద డాక్టరుకి చెప్పి వస్తానని ఒక్కతే ఎక్కింది. అతన్ని రమ్మనలేదు. అతను ఒడ్డున నిలబడి, చప్పుడు సన్నబడి సన్నబడి ఏటి గాలిలో కలిసిపోయేదాకా విన్నాడు.

గంట అయింది. రెండయింది. నాయనమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. ఏరు గులాబీ రంగుకి తిరిగింది. వెళ్లింది తాళం వద్దని చెప్పడానికో, ఈ మనిషి ఉండే ఒడ్డే వద్దని తాళం తీసుకోవడానికో అతనికి తెలియదు. ఆ రెండింటి మధ్య ఎటు చూసినా నీళ్లే.

చప్పుడు ముందు వచ్చింది. తర్వాత పడవ.

ఆమె తాడు విసిరింది. అతను పట్టుకున్నాడు.

"గది వద్దని చెప్పేశా," అంది నాయనమ్మతో. అప్పుడు అతని వైపు తిరిగింది. "పడవ బాగుంది. ఒక్కటే ఇబ్బంది. వెనక మోటారు, వెనకే నేను. బరువంతా ఒక్క వైపే. ముక్కు పైకి లేచిపోతోంది, ముందు ఏముందో కనపడ్డం లేదు. ముందు బల్ల మీద బరువు ఉండాలి."

అతను కాసేపు ఆలోచించాడు. "ఒక బస్తా ఇసుక వేస్తే సరిపోతుంది," అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. పెదవుల చివర నవ్వు దాగడం లేదు.

నాయనమ్మ నుదురు కొట్టుకుంది. "ఇసుకట, ఇసుక. ఓరి నా తండ్రీ, మోటారుకి తెలివి తెప్పించావు గానీ నీకు ఎవరు తెప్పిస్తారు? అవతల దిగేదాకా అది కబుర్లు చెప్పుకోవాల్సింది బస్తాతోనా?"

అప్పుడు అర్థమైంది అతనికి. చెవులు మళ్లీ వేడెక్కాయి.

"పొద్దున్న ఆరున్నరకి బయల్దేరతా," అంది నర్సు, మెట్లెక్కుతూ. "ఆలస్యమైతే ఆగను, నీకు ముందే చెప్తున్నా."

ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"అబ్బాయ్," అంది నాయనమ్మ లేస్తూ, అతని భుజం ఊతగా పట్టుకుని. "రేపు సాయంత్రం మీ అమ్మని మా ఇంటికి తీసుకురా. నీ తరఫున మాట్లాడే మనిషి ఉండాలి కదా."

మర్నాడు పొద్దున్న ఆరింటికే అతను షెడ్డుకి తాళం వేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని రేవుకి వెళ్లాడు. పడవ ఎక్కి, ముందు బల్ల మీద, మోటారు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.