డ్రయ్యరు తిన్న సాక్సులు

అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో జనవరి సాయంత్రాలకి ఆయుష్షు తక్కువ. అన్నాలు తిని గిన్నెలు సర్దేసరికే కిటికీల్లో వెలుతురు బూడిదరంగుకి తిరిగిపోతుంది. ఆ రోజైతే పొద్దుటినుంచీ మంచు తెరిపివ్వలేదు. జోసఫిన్ బేస్‌మెంట్ మెట్లమీద కూర్చుని తడిబట్టల బుట్టకేసి చూస్తోంది. చూడ్డమే గానీ లేవబుద్ధి కావట్లేదు. నడుం నుంచి మెడదాకా ఒకటే లాగుతోంది.

మనవరాలు షారోన్‌కి పళ్ళొస్తున్నాయి. దానితోపాటు విరేచనాలు. పూటకి బుట్టెడు బట్టలు. సరిగ్గా ఇప్పుడే డ్రయ్యరుకి జబ్బు చేసింది. తిరుగుతుంది గానీ వేడెక్కదు. గంటసేపు తిప్పినా బట్టలు తడిసిన పిల్లుల్లా బయటికొస్తున్నాయి.

పనిచేసే హాస్పిటల్ నుంచి కూతురు నవోమి ఫోన్ చేసింది. "మమ్మీ, టెక్నీషియన్ నెక్స్ట్ వీక్ వస్తాడట. ప్లీజ్, నువ్వు వీడియోలు చూసి విప్పకు."

"విప్పితే ఏమవుద్దే? డిష్‌వాషర్ నేను బాగుచెయ్యలేదా?"

"దాన్ని మనం ఎప్పుడు వాడాం మమ్మీ? చేత్తో కడిగిన ప్లేట్లు అందులో ఆరబెట్టుకుంటున్నాం, అంతేగా."

"ఆరుతున్నాయిగా మరి!"

నవోమి నవ్వింది. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "షారోన్ పడుకుందా? బేబీ మానిటర్ నీ దగ్గరే ఉందిగా?"

"ఉందమ్మా. మేడమీద గదిలోంచి దాని ఊపిరి నాకు వినపడుతూనే ఉంది."

ఇది ప్రతి మధ్యాహ్నం అడిగే మాటే. అడగొద్దని ఎలా చెబుతుంది? నవోమికి ఇద్దరు కడుపులోనే పోయాక నిలిచిన పిల్ల. అల్లుడు ప్రాజెక్టు మీద జెర్సీ సిటీలో ఉంటాడు. వదల్లేక వదల్లేక పిల్లని తల్లి చేతుల్లో పెట్టి ఉద్యోగానికి వెళుతోంది నవోమి. "నా కళ్ళు దాటి పోనివ్వనే" అని జోసఫిన్ మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టడానికే ఒళ్ళు ఇంకా నిలబడుతోంది గానీ, లేకపోతే ఎప్పుడో మంచానికి అంటుకునేది.

పై నుంచి భర్త రత్నరాజు కేకేశాడు. వెన్నెముక ఆపరేషన్ అయ్యాక ఆయన హాల్లో వాలుకుర్చీ దాటి పెద్దగా కదలడు. మేడ మెట్లు అసలు ఎక్కడు.

"ఏమే! తలుపు కొడుతున్నారు చూడు! నీ స్నేహితుడేమో!"

స్నేహితుడంటే ఇంటికప్పులు వేస్తామంటూ గుమ్మాలు పట్టుకు తిరిగే కుర్రాడు. మొన్న వచ్చినప్పుడు వద్దు బాబూ వద్దు అని చెప్పి, చెప్పి, చివరికి తలుపేస్తూ జోసఫిన్ అలవాటుకొద్దీ "ఓకే, గో అండ్ కమ్" అంది. వాడు మర్నాడు పొద్దున్నే నిచ్చెనతో సహా దిగాడు.

"తలుపు కాదండీ, గాలి," అంది జోసఫిన్ కిందినుంచే.

"గాలికి కూడా వెళ్ళి రమ్మని చెప్పకు. ఇల్లు ఎగిరిపోద్ది."

ఏం చేస్తుంది, చిన్నప్పట్నుంచీ నోరు అలా తిరిగింది. గుమ్మం దాటే మనిషిని పొమ్మంటారా ఎవరైనా? వెళ్ళమని కూడా అనరు. వెళ్ళి రమ్మంటారు. అమ్మ అదే నేర్పింది. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ జోసఫిన్ పో అని ఎరగదు.

లేచింది. సిమెంటు నేల చల్లదనానికి అక్కడే పెట్టుకునే నీలం హవాయి చెప్పులు తొడుక్కుంది. డ్రయ్యరు ప్లగ్గు పీకి, తీగ చుట్టి పైన పెట్టింది. రెండు చేతులా పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపుతూ ముందుకి లాగింది. ముసలి గేదెలా మూలిగింది అది.

ఆ డ్రయ్యరు కొత్తది కాదు. సన్నీవేల్ ఊరికి మారిపోతూ చంద్రిక అనే తెలుగమ్మాయి ఇంటి సామానంతా మూవింగ్ సేల్‌లో పెడితే తెచ్చుకున్నారు. "మా అత్తయ్యే వాడేవారు ఆంటీ, చాలా జాగ్రత్తగా," అంది చంద్రిక. "పాపని కూడా ఆవిడే చూసేవారు. ఒక్క నిమిషం కూర్చునేవారు కాదు."

"మీతో వస్తున్నారా అమ్మా ఆవిడ?"

"లేరు ఆంటీ. పాప బట్టలు ఆరబెట్టడానికని కిందికి దిగారు. మళ్ళీ ఎక్కలేదు."

పేరు లక్ష్మీకాంతం అని కూడా చెప్పింది. జోసఫిన్ ఆ రాత్రి ప్రార్థనలో ఆ పేరు కలుపుకుని, తర్వాత పనుల్లో పడి మరిచిపోయింది.

అది వచ్చాకే షారోన్ సాక్సులు పోవడం మొదలైంది. జతలో ఒకటి వస్తుంది, ఒకటి రాదు. "అమెరికాలో అన్ని డ్రయ్యర్లూ సాక్సులు తింటాయి. దానికీ ఆకలేస్తుంది కదా," అనేవాడు రత్నరాజు.

వెనక వెండిరంగు గొట్టం ఊడదీసింది. లోపలంతా బట్టల నూగు, దూదిలా గట్టిగా దట్టించుకుపోయి ఉంది. ఇంకేం, గాలి పోయే దారి లేదు. వేడి ఎక్కువై చిన్న ఫ్యూజు కాలిపోయి ఉంటుంది. ఆ ఫ్యూజు పోస్టులో తెప్పించి ఉంచుకుంది ముందే. ఇంతేనా జబ్బు అనుకుంది.

చెయ్యి పెట్టి నూగు లాగింది. మాడిన గుడ్డ వాసన. దాని వెనకే ఇంకో వాసన... మెత్తగా, తీయగా. సాంబ్రాణి. పసిపిల్లకి తలంటి పోసి జుట్టుకి పట్టే పొగ వాసన.

ఈ ఇంట్లో సాంబ్రాణి వెయ్యలేదు ఎప్పుడూ. పొగకి అలారం మోగుతుందని నవోమి వెయ్యనివ్వదు.

నూగులో తెల్లటి పొడుగాటి వెంట్రుకలు వేలికి చుట్టుకున్నాయి. జోసఫిన్ జుట్టు మెడ దాటదు. "పాపం, పెద్దావిడవి," అనుకుని చుట్టచుట్టి పక్కన పెట్టింది. పారెయ్యడానికి మనసొప్పలేదు.

మరలు ఒక్కొక్కటే విప్పి స్టీలు గిన్నెలో వేస్తూ, కింది రేకు ఊడదీసింది. ఫోన్‌లో లైటు వేసి వంగి చూసింది.

డ్రమ్ము కింద, మట్టి కొట్టుకుపోయి ఉండాల్సిన చోట, శుభ్రంగా తుడిచినట్టుంది. అక్కడ ఉన్నాయి సాక్సులు. షారోన్‌వే. చిన్న చిన్న ఉండలుగా, జతలు జతలుగా చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి.

జతలా? పోయినవి ఒక్కొక్కటే కదా!

ఒక ఉండ తీసి విప్పింది. ఒకటి షారోన్‌ది, కుందేలు బొమ్మ ఉన్నది. రెండోది... ఎవరిదో. ఉతికి ఉతికి వెలిసిపోయిన గులాబీరంగుది. ఇంకోటి విప్పింది. అదీ అంతే. మనది ఒకటి. ఎవరిదో ఒకటి.

అన్నీ వెచ్చగా ఉన్నాయి. ఇప్పుడే ఆరినట్టు.

డ్రయ్యరు తీగ చుట్టి పైనే ఉంది. వేడి చచ్చి వారమైంది.

అప్పుడు స్వెటర్ జేబులో మానిటర్ గరగరమంది. షారోన్ లేచిందేమో అని తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఊపిరి వినిపించింది. పసిదాని ఊపిరి, చిన్నగా. దాని పక్కన... ఇంకో ఊపిరి. బరువుగా. మెట్లెక్కి వచ్చిన మనిషి ఊపిరి.

"కాళ్ళు చల్లబడ్డాయే తల్లీ..." అంది ఎవరో. గొంతు కూడా కాదు. గొణుగుడు. "కాళ్ళు... చల్లబడ్డాయి..."

రత్నరాజే ఎలాగో మెట్లెక్కి ఉంటాడనుకుంది. అలా అనుకోవడానికి ఎంత ఆశపడిందో!

"ఏమే," బేస్‌మెంట్ తలుపు దగ్గర్నుంచి రత్నరాజు పిలిచాడు, కర్ర పట్టుకుని నిలబడి. "పైన పిల్లతో మాట్లాడుతున్నావా? నువ్వు కింద ఉన్నావనుకున్నానే..."

జోసఫిన్ పరిగెత్తింది. ఎన్నాళ్ళయిందో ఆ కాళ్ళు పరిగెత్తి. బేస్‌మెంట్ మెట్లమీద కుడికాలి చెప్పు జారిపోయింది. ఆగలేదు. భర్తని దాటుకుని, హాలు దాటి, మేడ మెట్లు ఎక్కేసింది.

పిల్ల గది తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి చిక్కబడుతోంది. కిటికీ అవతల మంచు. సాంబ్రాణి వాసన ముక్కు పగిలేలా ఉంది. పొగ మాత్రం లేదు.

షారోన్ తొట్లో మేలుకునే ఉంది. ఏడవడం లేదు. మూల ఉన్న ఊగుడు కుర్చీకేసి చూస్తూ బోసినోటితో నవ్వుతోంది. ఎవరో ఆడిస్తుంటే నవ్వినట్టు.

కుర్చీ ఊగుతోంది. మెల్లిగా... ముందుకి... వెనక్కి.

కాళ్ళు కిందా మీదా కొట్టుకుంది షారోన్. ఉత్త కాళ్ళతో పడుకోబెట్టింది తను. ఇప్పుడు సాక్సులున్నాయి. ఒకటి పసుపు, తమది. ఒకటి గులాబీ, వెలిసిపోయింది.

జోసఫిన్ పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. సాక్సులు పీకి నేలకేసి కొట్టింది. వెచ్చగా, మెత్తగా పడ్డాయవి.

కుర్చీ ఆగింది.

కింద మెట్ల దగ్గర్నుంచి రత్నరాజు గుసగుస వినిపించింది. ఆ మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడ్డం ఆవిడ ఎప్పుడూ వినలేదు. "జోసూ... ఎవరైనా ఉన్నారా అక్కడ?"

"ఉన్నారండీ."

"ప్రభువు పేరు చెప్పు. చెప్పి పొమ్మను. గట్టిగా పొమ్మను."

నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. కుర్చీ మీది దిండు నొక్కుకుని ఉంది, మనిషి కూర్చున్నంత మేర. ఎంత లోతుగా కూర్చుందో! రోజంతా నిలబడి, చివరికి ఎక్కడో ఒకచోట కూలబడిన మనిషి కూర్చునే తీరు అది. జోసఫిన్‌కి ఆ తీరు తెలుసు. భయంతో పళ్ళు కొట్టుకుంటున్నా, లోపల ఏదో కరిగింది.

"అమ్మా... లక్ష్మీకాంతమ్మగారూ," అంది. "ఇది మీ పిల్ల కాదమ్మా. మీ పిల్ల సన్నీవేల్ వెళ్ళిపోయింది. మీరు చాలా చేశారు. అలిసిపోయారు. మా అమ్మాయికి ఇదొక్కతే. దీన్ని మాకు వదిలెయ్యండమ్మా."

తర్వాత దిండు మెల్లగా పైకి లేచింది.

నేలమీద తడి. ఒక పాదం ముద్ర... ఇంకొకటి. ఉత్త కాళ్ళు. జోసఫిన్ పక్కనుంచి, తగలకుండా, దారి ఇచ్చినట్టు ఒదిగి, మెట్లు దిగాయి. తడిగుడ్డ నేలకి తగిలినట్టు చప్పుడు. మెట్టుకొకటి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు దిగినట్టు.

జోసఫిన్ పిల్లతో వెనకే దిగింది. రత్నరాజు గోడకి అతుక్కుపోయాడు. చలి ఆయన్ని రాసుకుంటూ వెళ్ళినట్టుంది, పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా కర్ర చాచి, కొసతో వీధి తలుపు గొళ్ళెం తీశాడు. తలుపు గాలికి విసురుగా తెరుచుకుంది. మంచు లోపలికి కొట్టింది.

తడి పాదాలు గుమ్మం దాకా వెళ్ళాయి. అక్కడ ఆగాయి.

గుమ్మం అవతల వేళ్ళు... ఇవతల మడమలు. కదల్లేదు. నిలబడి ఉన్నాయి. ఎవరో ఏదో మాట అనాలని, అది వినందే కదలకూడదని ఎదురుచూస్తున్నట్టు.

"చెప్పవే," అన్నాడు రత్నరాజు, కళ్ళు మూసుకుని. "పొమ్మని చెప్పు... ఒక్క మాట..."

జోసఫిన్ పిల్లని గట్టిగా పట్టుకుంది. చెప్పాలి. ఒక్క మాట. నోరు తెరిచింది. బుర్ర ఏదో వెతుక్కుంటోంది, ఈలోగా నాలుక దాని దారిన అది కదిలింది.

"వెళ్ళి రండమ్మా."

రత్నరాజు కళ్ళు తెరిచాడు.

పాదాలు గుమ్మం దిగాయి. మంచులో ఒక్కొక్క గుంటా పడుతూ ఉత్తరాల డబ్బా దాకా వెళ్ళాయి. ఆపైన కనబడలేదు.

జోసఫిన్ తలుపేసి తాళం వేసింది. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన ఆ మాట ఎత్తలేదు. వేళాకోళం చెయ్యనూ లేదు. కుర్చీలో కూర్చుని, పిల్లని ఇమ్మని చేతులు చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. ఆయన పక్కనే నేలమీద కూలబడి, షారోన్ కాళ్ళు చీర కుచ్చెళ్ళలో చుట్టి, అరచేతులతో పట్టుకుని కూర్చుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. మూయడానికి భయం. బేస్‌మెంట్‌లో లైటు వెలుగుతూనే ఉంది. ఎవరు దిగి ఆర్పుతారు?

నవోమి వచ్చేసరికి బయట పూర్తిగా చీకటి. గరాజ్ ముందు మంచు పేరుకుపోయి కారు వీధిలోనే ఆపి, ముందు తలుపు తాళం తీసుకుని వచ్చింది. బూట్ల మంచు దులుపుతున్న చప్పుడు విని జోసఫిన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"సారీ మమ్మీ, రోడ్లు హారిబుల్. షారోన్ ఏది? నిద్రపోయిందా?"

"నా ఒళ్ళోనే ఉందమ్మా."

"థ్యాంక్ గాడ్." బూట్లు విప్పడానికి వంగింది నవోమి. వంగి అలాగే ఆగిపోయింది. "మమ్మీ... గెస్ట్స్ వచ్చారా ఎవరైనా?"

రత్నరాజు కర్ర చేతిలోంచి జారింది.

"లేదే... ఎందుకు?"

"ఇక్కడ చెప్పులు విడిచి ఉన్నాయి. లోపల, మ్యాట్ మీద. మంచు ఇంకా కరగలేదు కూడా." నవోమి ఇంకాస్త వంగింది. "కానీ ఇదేంటి, రెండూ ఒక జత కావే. ఒకటి ఎవరిదో, బాగా అరిగిపోయింది. రెండోది..."

జోసఫిన్ తన కాళ్ళకేసి చూసుకుంది. ఎడమకాలికి నీలం చెప్పు ఉంది. కుడికాలు ఉత్తది.

"రెండోది నీది కదా మమ్మీ?"