సున్నపుబట్టి మిట్ట

పెన్నాగరం నుంచి ధర్మపురికి వచ్చే దోవలో, మిట్టమీద ఒక పాడుబడిన సున్నపుబట్టి ఉండాది. పొద్దుగూకితే అక్కడ ఎవరూ నిలబడరు. ఎప్పుడో ఆ బట్టిలో కాలి చచ్చిపోయిన మారియాయి అనే కూలిమనిషి... పిల్లకాయల్ని పట్టుకుంటుందంట.

గారపని చేసే సిద్ధరాజ్ కూతురు ఇళవరసికి తొమ్మిదేండ్లు. తల్లి లేదు. బడి విడిచినాక అవ్వ ఇంట్లో ఉంటుంది. పని ముగించుకొని వచ్చి, సిద్ధరాజ్ మోపెడ్ మీద ఇంటికి పిలుచుకొని పోతాడు. ఆ పాతబండి మిట్ట ఎక్కదు. "దిగి వెనక తొయ్యి పాపా" అంటాడు.

ఒకనాడు మసకచీకట్లో తోస్తా తోస్తా... ఉన్నట్టుండి బండి బరువెక్కింది.

తిరిగి చూసినాడు — పిల్ల నేలమీద! పెదాలు నీలం. కండ్లు తెరిచే ఉన్నాయి... చూపు లేదు.

కాసేపటికి కదిలింది.

"ఏమైంది పాపా?"

"తెలీదు నాయనా... ఎవరో గుండెను పిసికినట్లుంది."

వారం తిరక్కముందే మళ్ళీ పడింది. అదే మిట్ట, అదే బట్టి ముందర.

సిద్ధరాజ్ దయ్యాలు వదిలించే పూసారి దగ్గరికి పిల్లను పిలుచుకొని పోయినాడు. పూసారి వేపమండలతో పిల్ల వీపు వాయించినాడు. "ఎవరు నువ్వు? పేరు చెప్పు!" పిల్ల విదిలించుకుంటా ఉంటే, చేతులు రెండూ బిగించి పట్టుకొన్నది సిద్ధరాజే.

కడకు... పిల్ల నోట్లోనుంచి పెద్ద ఆడమనిషి గొంతు —

"నేను... మారియాయిని..."

సిద్ధరాజ్ పిల్ల చేతులు వదిలేసినాడు. పూసారి మండలు దించి, తాయెత్తు కట్టినాడు.

తాయెత్తు ఉండగానే మూడోసారి పడింది. ఈసారి ఎంతసేపటికీ లేవలేదు. సిద్ధరాజ్ భుజాన వేసుకొని ధర్మపురి ఆసుపత్రికి పరిగెత్తినాడు.

డాక్టరమ్మ వెన్నిల పిల్ల గుండెమీద గొట్టం పెట్టి చానాసేపు విన్నది. అరవంలో మెల్లగా అడిగింది.

"పడేముందు ఏం చేస్తా ఉండింది?"

"వంగి బండి తోస్తా ఉండింది."

"మూడుసార్లూ?"

"...మూడుసార్లూ."

స్కాన్ తెరమీద చూపించింది. గుండె లోపల గడ్డ ఒకటి, సన్నకాడకు వేలాడతా, గుండె కొట్టుకొన్నప్పుడంతా ఊగుతా ఉంది.

"పిల్లలకు చానా అరుదుగా వస్తుంది. వంగి బలంగా తోసినప్పుడు రక్తం పోయే దోవకు అడ్డం పడింది. కోసి తియ్యాల, వెంటనే."

పిల్ల గౌను సర్దబోయి డాక్టరమ్మ ఆగిపోయింది.

"వీపుమీద ఈ వాతలేమి?"

సిద్ధరాజ్ నేల చూసినాడు.

చెన్నైలో ఆపరేషన్ చేసి గడ్డను తీసేసినారు. పిల్ల బతికింది. లేచి కూర్చున్ననాడు సిద్ధరాజ్ ఇడ్లీ తుంచి తినిపిస్తా, గొంతు తగ్గించి అడిగినాడు.

"పాపా... ఇప్పుడు మారియాయి రాలేదు కదా?"

పిల్ల వింతగా చూసింది.

"ఆ పొద్దు మాట్లాడింది నేనే నాయనా."

"నువ్వా?... ఎందుకు పాపా?"

"పేరు చెప్పేదాకా... నువ్వు చేతులు వదల్లేదు కదా."