బాలమల్లు కారు

ఆదివారం పొద్దున బాలమల్లు తన మెకానిక్ షెడ్డు ముందు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. జమ్మికుంటలో ఆయన చెయ్యి పడని బండి లేదు, కానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. చాయ్‌లో బిస్కెట్ విరిగి పడ్డా తప్పు భార్య సరోజనదే. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచే ఆ ఇల్లాలు ఆయన కసుర్లను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తుంది.

అంతలో గేటు ముందు ఓ చిన్న కరెంటు కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. కూతురు జ్యోతిరాణి, అల్లుడు భానుప్రసాద్ దిగారు. చాలా రోజులకు వచ్చిన బిడ్డను చూసి సరోజన ముఖం వెలిగింది. బాలమల్లు చూపు మాత్రం కారు మీద నుంచి కదల్లేదు.

అది ఆయన కారే. మోకాళ్ళు వంగని భార్య కోసం, సీటు మొత్తం వీధి వైపు తిరిగేటట్టు, మొట్టమొదటి బండిని ఈ షెడ్డులోనే తయారు చేశాడు. దాన్ని అమ్మడానికి అల్లుడు చిన్న కంపెనీ పెట్టాడు. అది మునిగింది. అల్లుడు ఆ నమూనాను ఓ పెద్ద కంపెనీకి ఇచ్చేశాడు. ఆ రోజే బాలమల్లు, నా గడప తొక్కొద్దన్నాడు. ఇప్పుడు కారు ముందర ఆ పెద్ద కంపెనీ పేరు తళతళలాడుతోంది.

"ఎందుకొచ్చిండ్రు? పుండు మీద కారం సల్లనీకా?"

"బాపు, జర ఇను..."

"ఏమినాలె? గీ బండి మీద నా పేరేది? సూపియ్యి!"

భానుప్రసాద్ తల వంచుకున్నాడు. "నీ పేరు పెట్టుమని అడిగిన మామా, కుదరదన్నరు. ఖర్సెక్కువని గీ సీటు గూడ తీసేస్తమన్నరు. సీటు తీస్తే బండే ఇయ్యనన్న. అప్పుడు ఒప్పుకున్నరు. ఇయ్యకపోతే గిది షెడ్డులనే తుప్పు పట్టేది."

"పడితే పట్టనియ్యి! నాదిగనన్న ఉండేది!"

ఆ మాటకు జ్యోతిరాణికి మండింది. తండ్రికి తగ్గ కూతురే మరి.

"మొన్న ఆదిలాబాద్‌ల ఒక ముసలవ్వ, ఎవ్వలు ఎత్తకుంటనే తనంతట తాను గీ కారెక్కింది బాపు. ఎక్కి ఏడ్సింది. 'ఇది జేసినోని కడుపు సల్లగుండ' అన్నది. ఆమెకు సదువు రాదు, కంపెనీ పేరు తెల్వదు. ఎవలను దీవించిందనుకుంటున్నవ్?"

బాలమల్లు మనసు కరిగింది కానీ మొండితనం అడ్డుపడింది. ముఖం అటు తిప్పుకున్నాడు.

ఇంతలో సరోజన లోపలి నుంచి గిన్నె పట్టుకుని వచ్చింది. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, కొత్త రవికగుడ్డ. తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డకు పోసే ఒడిబియ్యం. జ్యోతిరాణి కొంగు పట్టబోయింది. సరోజన ఆమెను దాటిపోయి కారు తలుపు తీసి, సీటును బయటికి తిప్పి, దాని మీద రవికగుడ్డ పరిచింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? బండికి ఒడిబియ్యమా?" అన్నాడు బాలమల్లు.

"ముందుగాల్ల దీనికి, తర్వాత జ్యోతికి. ఇద్దరు మనింట్లనే పుట్టిండ్రు. ఇంకో ఇంటికి పోయిండ్రు, పేర్లు మారినయ్. పేరు మారిందని బిడ్డను ఒట్టి ఒడితోని పంపుతరా?" ఆమె గిన్నెను ఆయన ముందుకు చాపింది. "నేనొక్కదాన్నే పోస్తే మంచిగుండదు. మీరు గూడ రాండ్రి."

బాలమల్లు లేచాడు. గ్రీసు మరకల చేతులను లుంగీకి తుడుచుకున్నాడు. దోసిలి నిండా బియ్యం తీసుకుని సీటు మీద పోస్తుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఇన్నాళ్ళూ తనది ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాడు. ఎవరూ ఎత్తుకుపోలేదు. అల్లుడే దగ్గరుండి, సీటు తీయనివ్వకుండా, కాళ్ళూ చేతులూ విరగకుండా సాగనంపాడు.

ఆయన అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచింటికే ఇచ్చినవ్ అల్లుడా," అన్నాడు.