సీటు కింద పసుపు కనెక్టర్

...అయినా ఒకరి కారులో వార్నింగ్ లైటు మళ్లీ వెలిగితే తన మనసెందుకు తేలికపడాలి? వానలో షెడ్డు వైపు తిరుగుతున్న పాత కారును చూసి, నూజివీడు ఆటో ఎలక్ట్రీషియన్ కిరణ్ కుమార్ అనుకున్నాడు.

"ఎయిర్‌బ్యాగ్ లైటండీ. మళ్లీ," అంది లేయా, కారు దిగి గొడుగు తెరవకుండానే లోపలికి పరుగెత్తుకొచ్చి. చాట్రాయి స్కూల్లో లెక్కల టీచరు. కారు వాళ్ల నాన్న పరదేశి గారిది.

అతను బ్యాటరీ వైరు ఊడదీశాడు. ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్లే ముందు కాసేపు ఆగాలి, లోపల మిగిలిన కరెంటు పోవాలి. వేసవంతా అతనికి ఇష్టమైన పని ఆ ఆగడమే.

"ఇంతసేపా? ఈలోగా ఇంట్లో మా నాన్న ఒక కునుకు తీసేస్తారు."

"పాత బండి కదండీ. భయం."

"బండికా, మీకా?"

పరదేశి గారు వెనక మామిడి ట్రేలు పట్టాలని డ్రైవరు పక్క సీటును చివరికంటా ముందుకు జరుపుతారు. సీటు కింది తీగ లాగినట్టయి ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ వదులవుతుంది, లైటు వెలుగుతుంది. కిరణ్ దాన్ని నొక్కి పంపేస్తాడు. తీగను కాస్త వదిలి కట్టేస్తే మళ్లీ ఊడదన్న సంగతి తనకు తోచలేదా, తోచనివ్వలేదా?

వంగి చూశాడు. సీటు ముందుకే ఉంది. వెనక మాత్రం ఏమీ లేదు.

"కోతలైపోయాయి కదండీ. ట్రేలెవరు ఎక్కించారు?"

లేయా వాన వంక చూసింది. "ఖాళీ ట్రేలు."

"ఖాళీవైతే ఒకదాంట్లో ఒకటి పెట్టి డిక్కీలో వేసేయొచ్చు కదండీ."

"లెక్కల టీచర్ని నేనా, మీరా?" అంది. చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే మాట మార్చింది. "సోమవారం నుంచి ఏలూరులో ట్రైనింగు. రోజూ హనుమాన్ జంక్షన్ మీదుగా, లారీల మధ్యనే."

ఆ లైటు వెలుగుతూ ఉంటే, ఏదైనా గుద్దినా బ్యాగు తెరుచుకోకపోవచ్చు. అంతవరకూ ఆలోచించాక కిరణ్‌కు ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు. కనెక్టర్ నొక్కి, తీగను వదులు చేసి, ప్లాస్టిక్ ట్యాగుతో గట్టిగా కట్టి, బ్యాటరీ తగిలించాడు. స్కానర్‌తో పాత ఎర్రర్ కోడ్ తీసేశాడు. లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది.

"ఇంక వెలగదా?" ఆమె గొంతు తగ్గింది.

"వెలగదండీ." స్కానర్ వైరు చుట్టాడు. "ఈసారి రిపేరేం లేకుండానే రావాలి."

"ఎవరు రావాలి? ఆదివారం ప్రార్థనయ్యాక నాన్న ఇంట్లోనే ఉంటారు, మీరే రావచ్చు." ఇంజన్ స్టార్ట్ చేసింది. "ముందు ఒక రౌండ్ వేసి చూడాలా, వద్దా?"

ఇన్నాళ్లూ టెస్ట్ డ్రైవ్ ఆమె ఒక్కతే చేసేది, అతను షెడ్డు గుమ్మంలో నిలబడేవాడు.

కిరణ్ చేతులు తుడుచుకుని, రెండో వైపు తలుపు తెరిచి, సీటు వెనక్కి జరుపుకుని కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.